గిజిగాడి సగం గూళ్లు

వాగొడ్డు తుమ్మచెట్టు మీద ఒక గిజిగాడు ఒంటరిగా ఉండేవాడు. మగపిట్ట సగం గూడు అల్లి పిలవాలి, ఆడపిట్ట మెచ్చితేనే మిగతా సగం అల్లాలి. అది వాళ్ల ఆచారం. ఐదు సగం గూళ్లు అల్లినా ఎవరూ మెచ్చలేదు.

ఆ వేసవిలో మంటలంటుకుని ఒడ్డున పొదలన్నీ కాలిపోయాయి. గుడ్లు పెట్టే వేళకి గూడు లేక, పొదల్లో ఉండే జీనువాయి అనే చిన్న పిట్ట ఏడుస్తూ వచ్చింది.

"అన్నా, ఆ సగం గూడైనా ఇవ్వవూ?"

"పూర్తిగా అల్లే ఇస్తాలే. కిరాయి కింద ముక్కెడు గడ్డిగింజలు ఆ బూడిదలో చల్లు."

అలా గూళ్ల అంగడి మొదలైంది. అడిగిన పిట్టకల్లా గూడు అల్లి ఇచ్చాడు. వానలకి ఆ గింజలు మొలిచి ఒడ్డంతా పచ్చబడింది.

ఆ పచ్చదనం చూసి ఒక ఆడ గిజిగాడు వచ్చి వాలింది.

"నీ గూడేదయ్యా?"

చెట్టంతా ఎవరెవరి పిల్లలో కిచకిచలాడుతున్నాయి. తనదంటూ ఒక్క గూడూ లేదు.

"ఉండు, ఇప్పుడే అల్లుతా!"

గడ్డిపోచ తెచ్చేసరికి ఆమె వాలిన కొమ్మ ఖాళీగా ఉంది.

అయినా ముడి వేశాడు. రేపు ఎవరో ఒకరు అడుగుతారుగా.