అర్థం కాలేదే, మళ్లీ చెప్పు

1984 వేసవి. సుభాషిణి పరీక్ష పేపరు ఎన్నిసార్లు తిరగేసినా నూజివీడు లెక్చరర్ శేషగిరిరావుకి నమ్మకం కుదరలేదు. ఎమ్మే ఎకనామిక్స్‌లో ఆ పిల్ల మగపిల్లలందర్నీ దాటేసింది. అదే క్లాసులో ఉన్న వాళ్లన్నయ్యకి ఇంట్లో విడిగా గది, ఫ్యాను, విజయవాడ నుంచి తెప్పించిన పుస్తకాలు. అయినా అతనివి అత్తెసరు మార్కులే.

“నీకు ఎవరు చెబుతున్నారమ్మా?”

“ఎవరూ లేరండీ. నేనే మా అమ్మకి చెబుతాను. మీరు చెప్పిన పాఠం రోజూ అమ్మకి అర్థమయ్యేదాకా చెబితేనే కాలేజీకి పంపుతానని మా నాన్న షరతు.”

తల్లి వేలిముద్ర మనిషి. ఇదేదో కట్టుకథ అనుకున్నాడు శేషగిరిరావు. ఆదివారం మామిడిపళ్ల వంకతో వాళ్లూరు ముసునూరు బస్సెక్కాడు.

వసారాలో తల్లి ఒరుగులకి మామిడికాయలు తరుగుతోంది. పక్కన కూర్చుని కూతురు పాఠం చెబుతోంది.

“అర్థం కాలేదే, మళ్లీ చెప్పు.”

కూతురు ఈసారి తోటలో కాయల ధరతో పోల్చి చెప్పింది. తల్లి తల అడ్డంగా ఊపింది.

లోపల్నుంచి నాయనమ్మ కేకేసింది. “పాఠం అయిందా? పిల్లని పంపు, వాళ్లన్నయ్యకి అన్నం పెట్టాలి!”

“ఇంకా అర్థం కాలేదత్తయ్యా!”

గుమ్మంలో మాస్టార్ని చూసి సుభాషిణి మంచినీళ్లకి పరిగెత్తింది. ఆయన తల్లిని నిలదీశాడు.

“నిజంగా అర్థం కాలేదా, నటిస్తున్నారా?”

ఆమె కత్తిపీట పక్కకి జరిపి గొంతు తగ్గించింది.

“మొదటిసారే అర్థమవుద్దండీ. ఆ మాట మాత్రం లోపల చెప్పకండి.”