బ్యాటరీ ఆరోగ్యం

గోదావరిఖనిలో ఓ గని ల్యాంప్ రూములో కార్మికుల టోపీ ల్యాంపులకు ఛార్జింగు పెట్టడం యేసుదానం డ్యూటీ. ఛార్జింగులో ఉన్న ల్యాంపు వెలగకూడదని అక్కడి నియమం. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనుకూ అదే శాసనం. స్విచాఫ్ చేసి పెడతాడు. వేడెక్కకుండా ఫ్యాను దానివైపే తిప్పుతాడు. ఎనభై శాతం దాటనివ్వడు. పొయ్యి దగ్గర భార్య సువార్తమ్మ ఉడికిపోయినా ఫర్వాలేదు, ఆమె బ్యాటరీ కాదుగా.

"అవ్వకు పానం బాగలేదు. తమ్ముడు దవాఖాన్ల నుంచి ఫోన్ జేస్తనన్నడు. ఇయ్యాల ఒక్కరోజు బంద్ చెయ్యకు" అందామె, తల్లి మీద బెంగతో.

"ఛార్జింగుల నడిపిస్తే ఖరాబైతది" అన్నాడు.

సాయంత్రం ఫోను ఆన్ చేసి మురిసిపోయాడు. "మూడేండ్లయినా బ్యాటరీ ఆరోగ్యం తొంభై ఎనిమిది! చూసినవా?"

మిస్డ్ కాల్ మెసేజీలు వరసగా మోగాయి. చివరిది తమ్ముడు రాసింది. సువార్తమ్మ చదివింది.

"అవ్వ నాతోని మాట్లాడుతనన్నదట. పోయిందట. నీ బ్యాటరీకైతే ఏం గాలే."