తెగని దారం

"ఇది కూడ తెగుతది భాయ్" అంటూ దేవ్యా నాలుగో గాలం రాడ్‌ను కూడా బల్ల మీద పెట్టేశాడు.

జానీమియాకు ఓపిక సన్నగిల్లుతోంది. మానుకోట బజారులో వలలు, గాలాలు అమ్మబట్టి ఇరవై ఏళ్లు దాటింది గానీ, షట్టరు ఎత్తీ ఎత్తకముందే వచ్చి ఇంతగా సతాయించిన మనిషి ఇంకొకడు లేడు.

"తమ్మీ, తెగేది రాడ్ గాదు, దారం. ముందుగాల ఏం చేపకు కావాల్నో చెప్పు. కొర్రమట్టకా, బొచ్చెకా?"

"బరువుదానికి."

"ఎంత బరువు?"

గోడకు వేలాడుతున్న ఎర రబ్బరు కప్పల వైపు దేవ్యా కాసేపు చూశాడు. "అరవై కిలోలు."

జానీమియా పకపకా నవ్వాడు. జారిపోయిన చేప రోజుకో కిలో పెరుగుతుందని ఆయనకు తెలియనిది కాదు. వానాకాలం మొదట్లో రెండు కిలోలది తప్పించుకుంటే, బతుకమ్మ పండుగ నాటికి దాన్ని మోయడానికి ట్రాక్టరు మాట్లాడాల్సి వస్తుంది. గాలం పట్టినవాళ్లలో నిజం చెప్పేవాణ్ని ఆయన ఇంతవరకు చూడలేదు.

"మిరుగం కార్తె పండుగకు కొంటపోయిన రాడ్ ఏమైంది మరి?"

దేవ్యా సంచిలోంచి దాన్ని తీసి ముందు పెట్టాడు. రాడ్ చెక్కుచెదరలేదు. రీలు నుంచి మాత్రం తెగిన తంగూసు దారం మూరెడు వేలాడుతోంది.

"చెరువు నిండి మత్తడి దుంకుతుండె. నీళ్లు మస్తు జోరు మీదున్నయి. ఒడ్డు దాక గుంజుకొచ్చిన. ఇంకో రెండు బారలైతే చెయ్యి అందేది. గప్పుడు తెగింది."

"అయ్యో."

"నెల రోజుల సంది నిద్ర లేదు భాయ్. కన్ను మూస్తే గదే సప్పుడు. టప్పుమని."

ఆ మాట అబద్ధం కాదని మొహమే చెబుతోంది. గడ్డం మాసింది, కళ్లు గుంటలు పడ్డాయి. కురవి పక్క తండాలో ఈ రోజుల్లో అందరూ పత్తి చేలల్లో ఉంటారు. ఇతను మాత్రం చేను మొహం చూసినట్టు లేడు. ఒక్క చేప కోసం మనిషి ఇంతగా చెడిపోతాడా అని జానీమియాకు జాలేసింది.

"ఒక్కటి చెప్పు భాయ్. గంత బరువుకు ఏ దారమైనా తెగేదే గదా? మా ఇంటామె నీలి గట్లనే అంటది. రోజూ అంటది. నేను నమ్ముతలే. నీకైతే ఎరుక ఉంటదని వచ్చిన."

అడిగిన తీరులో బతిమాలడం ఉంది. అవునని ఒక్క మాట అంటే చాలు, లేచి ఇంటికి పోయేలా ఉన్నాడు. కానీ జానీమియా దుకాణదారు. ఏదైనా తెగేదేనని తన నోటితో తానే చెప్పుకుంటే ఇక అమ్ముకునేదేమిటి?

పై అరలోంచి నల్ల రాడ్ ఒకటి దింపాడు. "గిది చూడు, అల్లిన దారం. ఆనాడు నీ తమ్ముడు గోపాల్ గీ రాడ్ పట్టుకొని ఇడువలే, యాదికున్నదా? కొర్రమట్టకు గింత పిరమైంది ఎందుకురా అని నువ్వే అగ్గువది తీసుకున్నవు."

"యాదికున్నది."

జానీమియా దారం కొసను మూలనున్న సీసం గుండ్ల మూటకు ముడేశాడు. "నలభై కిలోలు ఉంటది. చేతికి చుట్టుకొని గుంజు."

దేవ్యా దారాన్ని అరచేతికి రెండు చుట్లు చుట్టి లాగాడు. మూట గచ్చు మీద బరబరా కదిలి వచ్చింది. దారం చేతిలోకి దిగింది గానీ తెగలేదు. ఇంకా గట్టిగా లాగాడు. అప్పుడూ తెగలేదు. అది తెగాలని అతను కోరుకుంటున్నట్టు జానీమియాకు తోచనే లేదు.

"పొడి నేల మీదనే గిట్లుంటే నీళ్లల్ల ఎట్లుంటదో అనుకో. నీళ్లల్ల బరువు బరువే గాదు, తేలుకుంట వస్తది."

"అరవై కిలోలైనా?"

"డెబ్బై అయినా వస్తది."

దేవ్యా స్టూలు మీద కూలబడ్డాడు. జానీమియాకు మాత్రం ఊపు వచ్చింది. పాత రీలు తీసుకుని దాని నెత్తినున్న మరను తిప్పబోయాడు. అది కదల్లేదు.

"మొత్తం బిగించి పెట్టినవు. దీన్ని జర వదులు చేసి, నీళ్ల జోరుకు కొంచెం ఇడుసుకుంట, కొంచెం గుంజుకుంట పక్కకు తేవాలె. గట్లయితే నీ పాత దారం కూడ ఆగేదే. నువ్వు ఆగమాగం గుంజినవు. దారం తెగలే తమ్మీ, నువ్వే తెంపినవు."

"నేనే తెంపిన" అన్నాడు దేవ్యా. తర్వాత అదే మాటను తండా భాషలో మళ్లీ అనుకున్నాడు. చెంపల మీదికి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు.

జానీమియా కంగారుపడ్డాడు. నోరు జారానని తెలిసి నొచ్చుకున్నాడు. పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు.

"పరేషాన్ గాకు. యాడికి పోతది? మత్తడి కింద మడుగులనే తిరుగుతుంటది. గీ నల్ల రాడ్ తీస్కపో, పైసలు తర్వాత చూసుకుందాం. ఈపారి ఒడ్డుకు రాకపోతే నన్నడుగు."

దేవ్యా చేతికి చుట్టిన దారాన్ని మెల్లగా విప్పాడు. అరచేతిలో ఎర్రగా పడ్డ గీతల వైపు చూస్తూ అన్నాడు.

"మడుగుల లేడు భాయ్. మూడో నాడు తేలిండు మా గోపాల్, నేను ఇసిరిన దారం వాని చేతికి ఇంకా చుట్టుకొనే ఉండె."