వెడల్పు గాడి

"నన్ను కాదమ్మా, చెక్కను చూడు" అన్నారు డిజైన్ మాస్టారు, కుడిచేతిని గబుక్కున ప్యాంటు జేబులోకి తోసేస్తూ.

తొమ్మిదో తరగతి పిల్ల తల దించుకుంది. ఏ పనైనా అందరికంటే ఆఖరున ముగిస్తుందని క్లాసంతా ఆమెను నత్త అని పిలిచేది. వారం నుంచీ ఇదే వరస. మిగతావాళ్ళు అప్పటికే రంపాలు పట్టుకుంటే ఈమె దిక్కులు చూస్తూ కూర్చునేది.

మాస్టారి క్లాసులో ఒక నియమం ఉంది. వస్తువు ఎవరి కోసం చేస్తారో వాళ్ళను వారం రోజులు గమనించి, చూసిందంతా నోటుపుస్తకంలో రాయాలి. ఆ తర్వాతే చెక్క ముట్టుకోవాలి.

నత్త పుస్తకం చదివితే ఆయనకు ముచ్చటేసింది. 'మా నాయనమ్మకి చెయ్యి వణుకుతుంది. పొద్దున ఎక్కువ. ఎవరైనా చూస్తే కొంగులో దాచుకుంటుంది.' పాపం, పెద్దావిడదీ తన బాధేనని నిట్టూర్చారు. నాలుగు నెలలుగా ఆయన తన వణుకు సంగతి ఇంట్లో కూడా చెప్పకుండా నెట్టుకొస్తున్నారు.

పది రోజులకు నత్త వస్తువు తెచ్చింది. మణికట్టు ఆన్చుకోవడానికి మెత్తటి దిమ్మ, దాని ముందు నిలువు గాడి ఉన్న చెక్కపెట్టె. కూరగాయలు తరగడానికట.

"గాడి ఇంత వెడల్పేమిటి? ఇందులో కత్తి ఊగులాడుతుంది."

"మా నాయనమ్మ కత్తి మందం సార్."

"కొలిచావా?"

"మూడుసార్లు సార్."

మాస్టారు నమ్మలేదు. రెండు మార్కులు కోసేశారు.

మర్నాడు పొద్దున్నే ఇన్‌స్పెక్టరమ్మ డిజైన్ క్లాసుకు వచ్చింది. "ఈ గది మూసేసి సామాన్లగది చేద్దామంటున్నారు మాస్టారూ. ఇక్కడ నేర్పేదేమిటో నేను చూడాలి. ఈ చెక్కను గీత మీద కోసి చూపించండి."

ముప్ఫై జతల కళ్ళు ఆయన మీదే ఉన్నాయి. రంపం తీశారు. దాని పళ్ళు చెక్క మీద టకటకలాడాయి. ఇరవయ్యేళ్ళ తన గది ఈ పూటతో సరి అనుకున్నారు మాస్టారు.

నత్త లేచి వచ్చి తన పెట్టెను బెంచీ మీద పెట్టింది. "దీన్ని వాడి చూపిస్తానన్నారు కద సార్."

ఆయన ఆ మాట ఎప్పుడూ అనలేదు. అయినా గీత గీసిన చెక్కను ఆ పెట్టెలో పెట్టారు. మణికట్టును దిమ్మకు ఆన్చి, రంపాన్ని గాడిలోకి దించారు. కొలిచి చేసినట్టు సరిపోయింది. చెయ్యి కుదురుకుంది. రంపం గీత వెంట సాఫీగా దిగి, చెక్క రెండు ముక్కలై చేతిలోకొచ్చింది.

ఇన్‌స్పెక్టరమ్మ కోతకు మూలమట్టం ఆనించి వెలుతురుకు పట్టి చూసింది. వెంట్రుకంత సందు కూడా లేదు.

"పిల్ల చేసిన వస్తువుతో పాఠం చెప్పే మాస్టారిని ఇప్పుడే చూస్తున్నాను" అందావిడ. "ఈ గది జోలికి ఎవరూ రారు. నేను రాసిస్తాను."

చప్పట్లతో గది దద్దరిల్లింది. నత్తను ఇద్దరు పిల్లలు ఎత్తుకుని తిప్పేశారు. కోసిన రెండు మార్కులను మాస్టారు అందరి ముందూ తిరిగి వేశారు.

సాయంత్రం నత్తను తీసుకెళ్ళడానికి తల్లి వచ్చింది. మాస్టారు గేటు దాకా ఎదురెళ్ళారు.

"ఇదంతా మీ అత్తగారి పుణ్యమేనమ్మా. ఆవిడ చేతికి ఇప్పుడెలా ఉంది?"

తల్లి తెల్లబోయి కూతురి వంక చూసింది.

"మా అత్తగారు ఇది పుట్టకముందే పోయారండీ."