దెయ్యం నవ్వు

ఆ కాలానికి వాదులాటలకు ఎవరూ స్వయంగా వెళ్లడం లేదు. ఇంట్లోవాళ్ల మాటలు విని నేర్చుకున్న ‘ప్రతిగొంతు’ అనే యంత్రం వాళ్ల తరఫున వెళ్లి వాదించి వచ్చేది. విశాఖ వినోదాల పార్కులో జనం ఎక్కి తిరిగే పాతకాలపు దెయ్యాల బండిని అంతరిక్ష నౌకగా మార్చాలా వద్దా అని పార్కు అభిమానులు రెండుగా చీలిపోయారు. మార్చాలన్న హరిణి తన ప్రతిగొంతును పంపి, బీరకాయలు తరుగుతూ కూర్చుంది. చివరికి దాని వాదనే నెగ్గింది.

సాయంత్రం పక్కింటి లావణ్యక్క వచ్చింది. ఆ బండిలో వినిపించే దెయ్యం నవ్వు, చనిపోయిన ఆమె భర్త ఒకప్పుడు రికార్డు చేసి ఇచ్చింది. ఆ నవ్వు వినడానికే ఆమె తరచూ టికెట్ కొనుక్కుని ఎక్కేది.

“‘పోయినోడి నవ్వు కోసం ఎన్నాళ్లు ఏడుస్తారు’ అందంట నీ ప్రతిగొంతు, అందరి ముందూ. పోన్లే, యంత్రం కదా, దానికేం తెలుస్తాది?” అంటూ హరిణి భుజం మీద చెయ్యి వేసింది.

హరిణికి తెలుసు, ఆ మాట యంత్రం పుట్టించింది కాదు. వంటింట్లో మొగుడితో తనే నవ్వుతూ అన్నది. ఊరుకుంటే నింద యంత్రం మీదే పోతుంది. కానీ ఊరుకోలేకపోయింది.

“అది నా మాటే అక్కా.”

లావణ్యక్క హరిణి భుజం మీది చెయ్యి తీసేసింది.