మోకాళ్లకి చోటు

"ఈ మెషీన్‌కి బొమ్మ గీసింది నువ్వేనా?"

మూతలక్క స్టూలు మీంచి లేవకుండానే అడిగింది. ఎదురుగా నోట్‌బుక్కు పట్టుకుని నిలబడ్డ అమ్మాయి నవ్వుతూ తలూపింది. పక్కనున్న సూపర్‌వైజర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పదకొండేళ్లుగా మందు ట్యూబులకి మూతలు పెడుతున్న ఈ మనిషి నోరు ఎలాంటిదో అతనికి బాగా తెలుసు.

"అవునక్కా, డిజైన్ మాదే. ఎలా ఉందో కనుక్కుందామని వచ్చాను."

"ఎలా ఉందో నేనెందుకు చెప్పడం? రా, కూర్చో. కూర్చుని నువ్వే చెప్పు."

సూపర్‌వైజర్ అడ్డం రాబోయాడు. మూతలక్క అతని వంక ఒక్క చూపు చూసింది. పక్క లైన్లో ఏదో పని గుర్తొచ్చినట్టు అతను మెల్లగా జారుకున్నాడు.

మూతలక్క లేచి చోటివ్వగానే అమ్మాయి స్టూలు మీద కూర్చుంది. మోకాళ్లు ఠక్కుమని ఇనప రేకుకి కొట్టుకున్నాయి. పక్కకి తిరిగి కూర్చుంది. నడుం మెలిపడింది గానీ చెయ్యి ట్యూబు దాకా అందలేదు.

"తెలిసిందా? మోటారు కిందే పెట్టావు, గేర్ల పెట్టె కిందే పెట్టావు. అడుగున్నర చోటు మిగిల్చానని మురిసిపోయుంటావు. ఆ మిగిల్చిన చోటు ఎవరిదనుకున్నావు? నా మోకాళ్లది. ఇది వచ్చిన దగ్గర్నుంచీ, రెండేళ్లుగా, రోజుకి ఎనిమిది గంటలు వంకరగా కూర్చుంటున్నాను. ఇంటికెళ్లి మెట్లెక్కాలంటే గోడ పట్టుకోవాలి. ఇంకో ఏడాది ఇలాగే కూర్చుంటే మంచం పడతావన్నాడు డాక్టరు. నా ఉద్యోగం పోతే మా ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు, నువ్వొచ్చి వెలిగిస్తావా?"

ఈ మెషీన్ గీసినవాళ్లని మూతలక్క రెండేళ్లుగా మనసులో తిట్టని తిట్టు లేదు. ఇవాళ వాళ్లే కాళ్లతో నడుచుకుంటూ ఎదురొస్తే వదులుతుందా?

అమ్మాయి మోకాలు రుద్దుకుంది. "తప్పేనక్కా. చోటు తగ్గించమంటే తగ్గించాం, కూర్చునే మనిషిని మర్చిపోయాం," అంది. నోట్‌బుక్కులో ఏదో రాసుకుంటూ, "అయినా మూత మెషీనే బిగిస్తుంది కదా. చేతికి పెద్ద పనేముంది?" అని అడిగింది.

మూతలక్కకి ఒళ్లు మండిపోయింది.

"పనేముందా? లే. లేచి చూడు."

మూతలక్క తనే కూర్చుని మెషీన్ ఆన్ చేసింది. మూత ట్యూబు మీద పడింది. మెషీన్ బిగించే లోపు ఆమె ఎడమ బొటనవేలు మూతని అలా తాకి వచ్చింది.

"చూశావా? మూత తిన్నగా పడదు. అలాగే బిగిస్తే మూత లోపలి మర తెగి, ట్యూబు పగిలి, మందంతా నా మొహాన పడుతుంది. ముందు వెనక్కి తిప్పాలి. వెనక్కి. అప్పుడు వేలికి చిన్న టిక్కు తగులుతుంది. అది తగిలాకే బిగించనివ్వాలి. మీ చదువుల్లో చెప్పారా ఇది?"

"చెప్పలేదక్కా." అమ్మాయి గొంతు మారింది. "ఎంత వెనక్కి?"

"పావు చుట్టు."

"ఎంత గట్టిగా నొక్కాలి?"

"పసిపిల్ల బుగ్గ నొక్కినంత. గట్టిగా నొక్కావా, టిక్కు తెలీదు."

"ఇంకొక్కసారి చూపిస్తారా?"

ఒక్కసారి కాదు, పదిసార్లు చూపించింది. అమ్మాయి ఫోన్లో వీడియో తీసుకుంది. పదకొండేళ్లలో ఆ వేలి గురించి అడిగిన మనిషి లేడు. కోపంలో గర్వం ఎప్పుడు కలిసిందో మూతలక్కకే తెలీలేదు. అయినా గొంతు తగ్గించలేదు.

"మరి నా మోకాళ్ల సంగతేంటి? అది తేల్చకుండా నిన్ను గడప దాటనివ్వను."

"కొత్త మెషీన్‌కి బొమ్మ ఎప్పుడో గీశామక్కా," అంటూ అమ్మాయి చుట్టి పెట్టుకున్న కాగితం విప్పి బల్ల మీద పరిచింది.

మెషీన్ సగానికి సగం తగ్గిపోయింది. మోటారు పైకెక్కింది. నేల నుంచి నడుం ఎత్తు దాకా అంతా ఖాళీ. మూతలక్క ఆ ఖాళీ మీద వేలు పెట్టి ఇటు నుంచి అటు దాకా నడిపించింది.

"ఈ బుద్ధి అప్పుడే ఏడ్చుంటే నేనింత గొంతు చించుకునేదాన్నా? ఇందులో కాళ్లు బారజాపుకుని కూర్చోవచ్చు."

అమ్మాయి వినలేదు. బొమ్మలో మూత దిగే చోట పెన్సిల్‌తో పెట్టిన ప్రశ్న గుర్తుని రబ్బరుతో చెరుపుతోంది. చెరిపి, అక్కడ 'పావు చుట్టు వెనక్కి' అని రాసింది. తలెత్తి మూతలక్క రెండు చేతులూ పట్టుకుంది.

"ఆ ఖాళీ మూతల డబ్బా కోసమక్కా. మూత తిన్నగా పడక, ఏడాదిగా మీ బొటనవేలు చేసే పని దగ్గరే ఆగిపోయాం. ఇక ఎవరికీ మోకాళ్ల నొప్పులుండవు, దీని ముందు ఎవరూ కూర్చోనక్కర్లేదు."