బస్సు వెనక ఎర్రదారాలు

నాంపల్లి స్టేషన్ ముందు ఆగివున్న బస్సు వెనక ఎవరో ముసలాయన ఎర్రదారాలు అంటిస్తున్నాడు.

కొడుక్కి సద్ది తెచ్చిన వీరమ్మ అది చూసి గబగబా దగ్గరికి వచ్చింది.

వెనక గుమ్మం చుట్టూ, మూలల మీదా పిండి జిగురుతో జానెడేసి దారాలు.

ఆ గుమ్మంలోనే ఆమె కొడుకు బాలమల్లు రోజంతా నిలబడి టికెట్లు కొడతాడు. కండక్టరుగా చేరి ఆరు నెలలు. నాలుగు నెలలుగా ఒకటే దగ్గు. నోటికి అడ్డం పెట్టుకున్న గుడ్డ నిండా మసి. రేపో మాపో అందులో నెత్తుటి ఎరుపు కనబడుతుందేమోనని వీరమ్మ ఆ గుడ్డ వేరెవరినీ ఉతకనివ్వదు, తనే ఉతుకుతుంది.

దగ్గు ఎక్కడిదో ఇప్పుడు తెలిసిపోయింది ఆమెకు. చేతబడి.

గిన్నె కింద పెట్టి, దొరికిన దారం దొరికినట్టు పీకేసింది.

"ఎవలు చెయ్యమన్నరు నీకు గీ పని?"

ముసలాయన ఉలకలేదు. తన పేరు సదాశివ అన్నాడు. నిజాం కాలంలో బేగంపేట విమానాల షెడ్డులో రేకుల పని చేశాడట. బస్సు ముందుకు ఉరికితే వెనక గాలి సుడి తిరుగుతుందట. అదే బండిని వెనక్కి గుంజుతుందట, పొగనూ దుమ్మునూ గుమ్మంలోకి తోస్తుందట. అబిడ్స్ దాకా సైకిల్ మీద వెంబడించి ఏ దారం ఎటు ఊగుతుందో చూస్తే, గాలిని పక్కకు మళ్లించే వంపు రేకులు ఎక్కడ బిగించాలో తెలుస్తుందట.

వీరమ్మకు ఒక్క ముక్కా ఎక్కలేదు. కనబడనిదేదో బండిని గుంజుతుందన్న మాటతో చేతబడేనని ఖాయం చేసుకుంది.

"ఒక్క దినం ఉండనియ్యమ్మా," అన్నాడాయన.

"కన్నకడుపు గోస నీకేం ఎరుక?"

ఆయన వంగి, కింద పడ్డ దారాలు ఏరుకున్నాడు.

జనం మూగారు. ఎవరో భుజం పట్టి నెట్టారు. ఆయన సంచిలోంచి రెండు వంపు రేకులు తీసి డ్రైవర్ మొగులయ్య చేతిలో పెట్టి, బస్సు వెనక మూలలు చూపించి, సైకిల్ నడిపించుకుంటూ వెళ్లిపోయాడు.

పదిహేను రోజులు గడిచాయి. బాలమల్లు దగ్గు తగ్గింది. గుడ్డకు మసి అంటడం లేదు.

అప్పుడు చెప్పాడు మొగులయ్య, ఆమె చూడకుండా ఆ రేకులు వెనక మూలలకు బిగించానని. బండి కూడా తేలికైందట, డీజిలు తక్కువ తాగుతోందట.

వీరమ్మకు సంతోషం కంటే ముందు భయం పుట్టింది. పెద్దమనిషిని అంతలేసి మాటలంది. ఆయన ఉసురు బిడ్డకు తగిలితే?

ఆయన ఉండే చోటు కనుక్కొని స్టేషన్ వెనక గల్లీకి పరుగెత్తింది.

తలుపుకు తాళం. ఆయన ఇల్లు ఖాళీ చేసి పోయాడనీ, ఎక్కడికో ఎవరికీ చెప్పలేదనీ పక్కింటి లక్ష్మీనర్సమ్మ చెప్పింది.

వీరమ్మ తానెవరో చెప్పుకుంది. ఏ చుట్టమూ కాని తన కొడుకు కోసం ఆయన అంత తిప్పలు ఎందుకు పడ్డాడని అడిగింది.



"నీకెరుక లేదా అక్కా? నీ కొడుకు కంటే ముందు గదే బస్సు వెనక నిలవడ్డ కండక్టరు, దగ్గి దగ్గి పోయినోడు, ఆయనకు ఒక్కగానొక్క కొడుకు."